పీయూషగ్రంథి నుంచి పాదకణం దాకా: మూత్రపిండ వడపోతపై హార్మోన్ల ప్రభావం – ఒక పరిశోధన చరిత్ర

వ్యాససంగ్రహం

మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే నిర్మాణాన్ని శాస్త్రజ్ఞులు చాలాకాలం ఒక జల్లెడగానే భావించారు. హార్మోన్లు ఆ జల్లెడ మీద పడే ఒత్తిడిని మారుస్తాయి తప్ప జల్లెడను మార్చవని తలచారు. మధుమేహ ఉపద్రవాలలో పీయూషగ్రంథి పాత్రను అన్వేషించిన పరిశోధన ధార ఒకటి, వడపోత పొర సూక్ష్మనిర్మాణాన్ని అన్వేషించిన ధార మరొకటి 1950లలో పక్కపక్కనే బలపడ్డాయి. అయినా అవి ఒకే కణం దగ్గర కలవడానికి అర్ధశతాబ్దం పట్టింది. ఆ ఆలస్యానికి కారణాలను, 2007 తరువాత జరిగిన కలయికను, అందులో హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధనల స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ జ్ఞానం ఉత్తరాంధ్రలోని మూత్రపిండ వ్యాధులకు ఎంతవరకు వర్తిస్తుందో, ఎక్కడ వర్తించదో చివర చర్చిస్తుంది.

కీలకపదాలు: మూత్రపిండం, పాదకణం, వృద్ధి హార్మోను, యాంజియోటెన్సిన్, మధుమేహం, ఆల్బుమిన్, హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఉద్దానం, సబ్బవరం.

1. ఉపోద్ఘాతం

ఆరోగ్యవంతుని రెండు మూత్రపిండాలు కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడపోస్తాయి. అందులో 99 శాతం తిరిగి రక్తంలోకే చేరుతుంది. మిగిలిన లీటరున్నర, రెండు లీటర్లే మూత్రంగా బయటికి వస్తుంది. ఈ వడపోత ఒక్కొక్క మూత్రపిండంలో ఉన్న సుమారు 10 లక్షల రక్తకేశనాళికా గుచ్ఛాలలో జరుగుతుంది. నీరు, లవణాలు, యూరియా, గ్లూకోజు దాటిపోతాయి. రక్తకణాలు, ఆల్బుమిన్ వంటి ప్రోటీన్లు నిలిచిపోతాయి. ఆల్బుమిన్ మూత్రంలో కనిపించిందంటే వడపోత పొర ఎక్కడో సడలిందన్న అనుమానం కలుగుతుంది.

ఆ పొరకు మూడు అంతరాలు ఉన్నాయి. లోపలివైపు రంధ్రాలున్న రక్తకేశనాళిక గోడ, నడుమ ఆధారత్వచం, బయటివైపు కేశనాళికను చేతివేళ్లలా చుట్టుకొని ఉండే కణాలు. ఈ బయటి కణాల పేరు పోడోసైట్లు. పాదాలున్న కణం అని గ్రీకు మూలార్థం కనుక ఈ వ్యాసంలో వీటిని పాదకణాలు అని వ్యవహరించడమైనది. ఒక కణపు పాదాలు పొరుగు కణపు పాదాల మధ్య ఇమిడిపోతాయి. వాటి నడుమ మిగిలే సన్నని చీలికలే వడపోతకు చివరి ద్వారాలు. ఎదిగిన మనిషిలో ఈ కణాలు సాధారణంగా విభజన చెందవు. పోయిన కణం స్థానాన్ని నింపడానికి శరీరానికి ఉన్న శక్తి చాలా పరిమితం. కనుక ఈ కణాలను ఏది కదిలిస్తుంది, ఏది చంపుతుంది అన్న ప్రశ్న మూత్రపిండాల ఆయుష్షుకు సంబంధించిన ప్రశ్న.

2. జల్లెడ భావన: 1666 – 1924

మూత్రపిండంలోని చిన్న గుండ్రని దేహాలను మొదట వర్ణించినవారు ఇటలీ శాస్త్రజ్ఞులు మార్సెల్లో మాల్ఫీజీ. 1666లో ప్రచురించిన గ్రంథంలో ఆయన వాటిని గ్రంథులుగా భావించారు. 1842లో లండనులో విలియం బౌమన్ ఆ దేహాలను చుట్టి ఉన్న గుళిక నేరుగా మూత్రనాళికగా కొనసాగుతున్నదని చూపించారు. అయితే నీటిని మాత్రమే గుచ్ఛం విడుదల చేస్తుందని, మూత్రంలోని ముఖ్యపదార్థాలను నాళిక కణాలు స్రవిస్తాయని ఆయన ఊహించారు. అదే ఏడాది జర్మనీలోని మార్‌బర్గ్‌లో కార్ల్ లుడ్విగ్ భిన్నమైన వాదాన్ని ప్రతిపాదించారు. రక్తపు ఒత్తిడి వల్లనే ద్రవం గుచ్ఛం గోడల గుండా వడగడుతుందని, ఇందుకు ఏ ప్రాణశక్తీ అవసరం లేదని ఆయన వాదం. ఆ తరువాత రుడాల్ఫ్ హైడెన్‌హైన్ దీనిని వ్యతిరేకించి, మూత్రం తయారీ సజీవకణాల స్రావక్రియ అని నిలబడ్డారు.

భౌతికక్రియా, కణక్రియా అన్న ఈ వివాదం దాదాపు 80 ఏళ్లు నడిచింది. 1899లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ రక్తంలోని ప్రోటీన్లు నీటిని తమవైపు లాగే ఒత్తిడిని లెక్కగట్టి, దానిని మించిన రక్తపు ఒత్తిడి ఉన్నప్పుడే మూత్రం ఏర్పడుతుందని చూపి లుడ్విగ్ వాదానికి బలం చేకూర్చారు. 1924లో ఫిలడెల్ఫియాలో జోసెఫ్ వెర్న్, ఆల్ఫ్రెడ్ రిచర్డ్స్ కప్ప మూత్రపిండంలోని ఒక్క గుళికలోకి అతిసన్నని గాజునాళికను గుచ్చి అక్కడి ద్రవాన్ని తీసి పరీక్షించారు. అందులో ప్రోటీను లేదు. రక్తంలో ఉండి మూత్రంలో కనిపించని చక్కెర మాత్రం ఉంది. దీంతో గుచ్ఛం వడపోస్తుందని, నాళిక తిరిగి పీల్చుకొంటుందని స్థిరపడింది.

ఈ విజయం ఒక నష్టాన్ని కూడా తెచ్చిపెట్టింది. వడపోత భౌతికక్రియ అని తేలగానే, ఆ పని జరిగే గోడ కూడా నిర్జీవమైన జల్లెడ వంటిదేనన్న భావన స్థిరపడింది. హైడెన్‌హైన్ వాదం వడపోత విషయంలో తప్పే. కాని అతని వాదంతోపాటు, గోడలోని కణాలు సజీవమన్న గమనిక కూడా పక్కకు పోయింది.

3. హార్మోను: ఒత్తిడి మార్గం

మూత్రపిండ వడపోతను ఒత్తిళ్ల లెక్కలోకి తెచ్చిన స్టార్లింగే 1905లో హార్మోను అనే పదాన్ని శాస్త్రభాషలో ప్రవేశపెట్టారు. ఒక అవయవం నుంచి రక్తంలోకి చేరి మరొక అవయవాన్ని ప్రేరేపించే రసాయనిక దూత అన్నది ఆయన భావన. వడపోత, హార్మోను అనే రెండు భావనలు ఒకే శాస్త్రజ్ఞుని కృషిలో రూపుదిద్దుకొన్నా, అవి కలిసిన తీరు మాత్రం ఒత్తిడికే పరిమితమైంది.

అందుకు మూలం 1898లోనే ఉంది. స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా సంస్థలో రాబర్ట్ టిగర్‌స్టెడ్, పెర్ బెర్గ్‌మన్ కుందేలు మూత్రపిండపు సారాన్ని రక్తంలోకి ఎక్కిస్తే రక్తపోటు పెరుగుతుందని గమనించి, ఆ పదార్థానికి రెనిన్ అని పేరుపెట్టారు. 1934లో హారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండ ధమనిని పాక్షికంగా నొక్కి శాశ్వతమైన అధిక రక్తపోటును కలిగించిన తరువాతే దానిపై ఆసక్తి తిరిగి కలిగింది. రెనిన్ చర్యవల్ల పుట్టే అసలు పదార్థాన్ని బ్యూనస్ ఎయిర్స్‌లో ఒక బృందం, అమెరికాలో మరొక బృందం దాదాపు ఒకేకాలంలో కనుగొన్నాయి. రెండు పేర్ల తగవు తీర్చి 1958లో దానికి యాంజియోటెన్సిన్ అని ఉమ్మడి పేరు స్థిరపరిచారు.

యాంజియోటెన్సిన్ గుచ్ఛం నుంచి రక్తం బయటికి పోయే అపవాహి ధమనికను ఎక్కువగా బిగిస్తుంది. కాలువ దిగువ తూమును బిగిస్తే ఎగువన నీరు నిలిచినట్లు, గుచ్ఛంలో ఒత్తిడి పెరుగుతుంది. 1980లో ప్రయోగశాలలో పెంచిన మెసాంజియల్ కణాలు, అంటే కేశనాళికల నడుమ ఆధారంగా ఉండే కణాలు, యాంజియోటెన్సిన్ సోకగానే ముడుచుకొంటాయని తేలింది. వడపోత గుచ్ఛంలోని ఒక కణజాతి హార్మోనుకు నేరుగా స్పందిస్తుందనడానికి ఇది స్పష్టమైన తొలి సాక్ష్యాలలో ఒకటి. అయినా ఈ సంకోచాన్ని కూడా వడపోత వైశాల్యాన్ని తగ్గించే యాంత్రికచర్యగానే వ్యాఖ్యానించారు.

1982లో బారీ బ్రెన్నర్ తన సహచరులతో కలిసి అతివడపోత సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. కొన్ని గుచ్ఛాలు నశించినప్పుడు మిగిలినవి ఎక్కువ ఒత్తిడితో ఎక్కువ పని చేస్తాయని, ఆ శ్రమే కాలక్రమంలో వాటినీ నాశనం చేస్తుందని దాని సారాంశం. యాంజియోటెన్సిన్ తయారీని అడ్డుకొనే మందులు ఈ ఆలోచనకు చికిత్సారూపాన్ని ఇచ్చాయి. 1993లో కాప్టోప్రిల్, 2001లో లోసార్టాన్, ఇర్బెసార్టాన్ మందులపై జరిగిన పెద్ద అధ్యయనాలు మధుమేహ రోగులలో మూత్రపిండాల క్షీణత నెమ్మదించడాన్ని నిరూపించాయి. అయితే వాటిలో ఒక చిక్కు మిగిలింది. రక్తపోటు తగ్గినంతమేరకే కాక, దానిని మించిన రక్షణ కూడా ఈ మందులవల్ల కలిగింది. ఆ అదనపు రక్షణ ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు ఒత్తిడి లెక్క ఒక్కటే పూర్తి సమాధానం ఇవ్వలేకపోయింది.

4. మొదటి ధార: మధుమేహం, పీయూషగ్రంథి

మధుమేహానికి కారణం క్లోమంలో ఇన్సులిన్ లోపమే అని 1920లలో స్థిరపడింది. ఆ నిశ్చయాన్ని అర్జెంటీనాలో బెర్నార్డో ఊసే ప్రయోగాలు కదిలించాయి. క్లోమం తొలగించిన కుక్కకు మధుమేహం వస్తుంది. ఆ కుక్కకే పీయూషగ్రంథిని కూడా తొలగిస్తే మధుమేహం తీవ్రత తగ్గుతుందని ఆయన 1930 ప్రాంతంలో చూపించారు. 1937లో ఇంగ్లండులో ఫ్రాంక్ యంగ్ పీయూషగ్రంథి పూర్వభాగపు సారాన్ని వరుసగా ఎక్కించి ఆరోగ్యవంతమైన కుక్కలలో శాశ్వత మధుమేహాన్ని కలిగించారు. ఊసేకు 1947లో నోబెల్ బహుమతి లభించింది.

1936లో పాల్ కిమ్మెల్‌స్టీల్, క్లిఫర్డ్ విల్సన్ మధుమేహ రోగుల వడపోత గుచ్ఛాలలో గుండ్రని గట్టిముద్దలను వర్ణించారు. మధుమేహం మూత్రపిండాన్ని చెరుపుతుందనడానికి కంటికి కనిపించే ఆధారం దొరికింది. ఇన్సులిన్ వచ్చాక రోగులు ఎక్కువకాలం జీవించసాగారు. అలా జీవించినవారిలోనే కంటి, మూత్రపిండ ఉపద్రవాలు బయటపడసాగాయి.

1953లో డెన్మార్క్ వైద్యుడు పౌల్సెన్ ఒక విశేషమైన రోగి కథనాన్ని ప్రచురించారు. ప్రసవం తరువాత పీయూషగ్రంథి దెబ్బతిన్న ఒక మధుమేహ రోగికి కంటిలోని మధుమేహ ఉపద్రవం తగ్గుముఖం పట్టింది. అప్పటికే స్వీడనులో రోల్ఫ్ లుఫ్ట్, హెర్బర్ట్ ఒలివెక్రోనా తీవ్రమైన మధుమేహ ఉపద్రవాలున్న రోగులకు పీయూషగ్రంథిని శస్త్రచికిత్స ద్వారా తొలగించడం ప్రారంభించారు. ఆ గ్రంథిని కోల్పోయిన మనిషి జీవితాంతం ఇతర హార్మోన్లను బయటినుంచి తీసుకోవాలి. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయే అవకాశమూ పెరుగుతుంది. కంటికి లేజర్ చికిత్స రావడంతో ఈ శస్త్రచికిత్స క్రమంగా వాడుక తప్పింది. చికిత్సతోపాటు దాని వెనుక ఉన్న ప్రశ్న కూడా మరుగున పడింది. పీయూషగ్రంథి విడుదల చేసే ఏ పదార్థం, ఏ కణం మీద పనిచేసి ఆ ఉపద్రవాలను కలిగిస్తున్నదన్నదే ఆ ప్రశ్న.

అనుమానం వృద్ధి హార్మోను మీదికి సహజంగానే వెళ్లింది. చక్కెర అదుపులో లేని మొదటిరకం మధుమేహ రోగుల రక్తంలో దాని పరిమాణం ఎక్కువగా ఉంటుంది. ఆ హార్మోను అతిగా స్రవించే ఆక్రోమెగలీ రోగులలో మూత్రపిండాలు పెద్దవై, వడపోత వేగం పెరుగుతుంది. 1988లో దోయ్, స్ట్రైకర్ తదితరులు జన్యుమార్పిడి ఎలుకలలో జరిపిన ప్రయోగం ఈ అనుమానాన్ని గట్టిపరిచింది. జీవితాంతం వృద్ధి హార్మోను అధికంగా తయారుచేసే ఎలుకలలో వడపోత గుచ్ఛాలు క్రమంగా గట్టిపడి నశించాయి. వృద్ధి హార్మోను ఆజ్ఞతో కాలేయం తయారుచేసే ఐజీఎఫ్-1 అనే పదార్థం అధికంగా ఉన్న ఎలుకలలో గుచ్ఛాలు పెద్దవయ్యాయి కాని గట్టిపడలేదు. అంటే నష్టానికి మధ్యవర్తి కన్న వృద్ధి హార్మోనే ముఖ్యకారణమన్న సూచన అందులో ఉంది. 1990ల మధ్యకాలంలో జాన్ కాప్‌చిక్ బృందం వృద్ధి హార్మోను చర్యను అడ్డుకొనే జన్యుమార్పుగల ఎలుకలు మధుమేహం వచ్చినా మూత్రపిండ నష్టం నుంచి చాలావరకు తప్పించుకొంటాయని చూపింది. అప్పటికీ ఆ హార్మోను గుచ్ఛంలోని ఏ కణాన్ని తాకుతున్నదో తేలలేదు.

5. రెండవ ధార: పాదకణం వెలుగులోకి

స్వీడనులో పీయూషగ్రంథి శస్త్రచికిత్సలు సాగుతున్న 1950లలోనే వడపోత గోడపై ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వెలుగు ప్రసరించింది. మామూలు సూక్ష్మదర్శిని కింద ఒకే గీతగా కనిపించిన గోడ మూడు పొరలుగా విడివడింది. పాదకణపు పాదాలు మొదటిసారి స్పష్టంగా కనిపించాయి. 1957లో మార్లిన్ ఫార్కర్, రాబర్ట్ వెర్నియర్, రాబర్ట్ గుడ్ మూత్రంలో ప్రోటీను విపరీతంగా పోయే రోగుల మూత్రపిండాలను పరిశీలించి, వారిలో పాదాలు విడివిడిగా లేక చదునుగా పరుచుకొని ఉన్నాయని చూపించారు. 1827లోనే లండనులో రిచర్డ్ బ్రైట్ శరీరం వాయడానికీ, మూత్రంలో ఆల్బుమిన్‌కూ, మూత్రపిండ వ్యాధికీ ముడివేశారు. ఆ ముడి కణస్థాయిలో ఎక్కడుందో 130 ఏళ్ల తరువాత కనిపించింది.

అయితే పాదాలు చదునుకావడం కారణమా, ఫలితమా అన్నది చాలాకాలం తేలలేదు. 1974లో రిచర్డ్ రోడ్‌వాల్డ్, మోరిస్ కర్నోవ్‌స్కీ పాదాల నడుమ చీలికలో జిప్పు ఆకారపు సన్నని తెరను వర్ణించారు. 1998లో ఫిన్లాండులో ఎక్కువగా కనిపించే ఒక పుట్టుక వ్యాధిని ఆధారం చేసుకొని కార్ల్ ట్రిగ్వాసన్ బృందం నెఫ్రిన్ అనే ప్రోటీను జన్యువును కనుగొంది. ఆ జన్యువు చెడిన శిశువులకు తల్లిగర్భం నుంచే మూత్రంలో ప్రోటీను పోతుంది. నెఫ్రిన్ ఉండేది పాదకణాల మధ్య చీలిక తెరలోనే. వడపోత జల్లెడను నిలబెట్టేది సజీవకణం తయారుచేసే ప్రోటీను అని దీనితో రూఢి అయింది. ఆ రకంగా హైడెన్‌హైన్ గమనికలోని సత్యాంశం మరో రూపంలో తిరిగివచ్చింది.

1997లో అమెరికాలోని పీమా ఆదివాసులలో మధుమేహ మూత్రపిండ వ్యాధి ముదిరినవారి గుచ్ఛాలలో పాదకణాల సంఖ్య తగ్గినట్లు ఒక అధ్యయనం చూపింది. కొరతగా ఉన్న సాధనం ఒక్కటే మిగిలింది. విభజన చెందని కణాన్ని ప్రయోగశాలలో పెంచడం కష్టం. 1997లో పీటర్ ముండెల్ ఎలుక పాదకణాలను, 2002లో బ్రిస్టల్‌లో మొయిన్ సలీం మానవ పాదకణాలను ఉష్ణోగ్రత మార్పుతో విభజన ఆపి పరిపక్వం చేయగల కణశ్రేణులుగా రూపొందించారు. పాదకణాన్ని పళ్లెంలో ఉంచి, దానిపై ఒక్కొక్క హార్మోనును వేసి చూసే వీలు ఇలా కలిగింది.

6. రెండు ధారల సంగమం: మిషిగన్, హైదరాబాదు

2007లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో రామ్ మీనన్ నాయకత్వంలోని బృందం ఎండోక్రైనాలజీ పత్రికలో ఒక పరిశోధనను ప్రచురించింది. పాదకణాల మీద వృద్ధి హార్మోను గ్రాహకం ఉందని, హార్మోను దానిని తాకగానే కణంలో సంకేతాల వరుస మొదలవుతుందని, దాని ఫలితంగా హానికరమైన ఆక్సిజన్ పదార్థాలు పెరుగుతాయని, కణపు ఆకృతిని నిలబెట్టే యాక్టిన్ పోగుల అమరిక మారుతుందని అది చూపింది. పాదకణానికి ఆకృతే ప్రాణం. పాదాలు నిలబడేది యాక్టిన్ పోగుల మీదనే. మనిషిని ఎత్తు పెంచే హార్మోనుగా పేరొందిన పదార్థం మూత్రపిండపు వడపోత కణానికి నేరుగా ఆజ్ఞలిస్తుందన్న సంగతి ఇలా వెల్లడైంది.

ఆ బృందంలో పనిచేసిన పసుపులేటి అనిల్ కుమార్ ప్రథమ రచయితగా 2010లో వెలువడిన పరిశోధన ఈ ఆజ్ఞ జన్యుస్థాయిలో ఏం చేస్తుందో వివరించింది. వృద్ధి హార్మోను ప్రభావంతో పాదకణంలో జెడ్‌ఈబీ2 అనే నియంత్రక ప్రోటీను పెరుగుతుంది. అది పెరగడానికి ప్రతిలోమ దిశలో తయారయ్యే ఒక ఆర్‌ఎన్‌ఏ సాయపడుతుంది. జెడ్‌ఈబీ2 పెరిగితే కణాలను ఒకదానితో ఒకటి అంటిపెట్టే క్యాడ్‌హెరిన్ ప్రోటీన్లు తగ్గుతాయి. కణాల పొర గుండా ఆల్బుమిన్ ఎక్కువగా జారిపోతుంది.

అనంతరం ఈ అన్వేషణ హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని జీవరసాయనశాస్త్ర విభాగంలో అనిల్ కుమార్ ప్రయోగశాలలో కొనసాగింది. ఇక్కడినుంచి 2019లో వెలువడిన పరిశోధన నాచ్ అనే సంకేతమార్గాన్ని ముందుకు తెచ్చింది. పిండదశలో మూత్రపిండం ఏర్పడేటప్పుడు నాచ్ చురుకుగా పనిచేసి, కణాలు పరిపక్వమయ్యాక సద్దుమణుగుతుంది. వృద్ధి హార్మోను ఆ నిద్రించిన మార్గాన్ని తిరిగి మేల్కొలుపుతుందని, దానితో పాదకణం తన ప్రత్యేక లక్షణాలను కోల్పోతుందని ఈ బృందం చూపింది. నాచ్‌ను అడ్డుకొనే రసాయనాన్ని ఇచ్చిన ఎలుకలలో వృద్ధి హార్మోను కలిగించే పాదకణ నష్టం, ప్రోటీను నష్టం నివారింపబడ్డాయి.

2021లో ఇదే బృందం మరొక దశను వివరించింది. విభజన మానుకొన్న పాదకణాన్ని వృద్ధి హార్మోను విభజన చక్రంలోకి బలవంతంగా నెడుతుంది. కణం కేంద్రకాన్ని రెండు చేసుకోగలుగుతుంది కాని తాను రెండుగా విడిపోలేదు. అలా సగంలో ఆగిన కణం నశిస్తుంది. పెరుగుదలను కలిగించవలసిన ఆజ్ఞే పెరగలేని కణానికి మృత్యుహేతువు కావడం ఇందులోని విషాదం. పౌల్సెన్ రోగి కథనం లేవనెత్తిన ప్రశ్నకు, మూత్రపిండం మేరకు, ఈ వరుస పరిశోధనలు ఒక సమాధానాన్ని నిర్మించాయి.

ఆలస్యానికి కారణాలు ఇప్పుడు స్పష్టం. మొదటి ధారలో గ్రంథుల వైద్యులు చక్కెరను, కంటిని, ఎత్తును చూశారు. రెండవ ధారలో నిర్మాణశాస్త్రజ్ఞులు జల్లెడ కన్నాలను చూశారు. జల్లెడకు గ్రాహకం ఉంటుందని ఎవరూ వెతకలేదు. వెతకడానికి తగిన కణశ్రేణి 2002 దాకా చేతికి అందలేదు. ఒక తప్పుడు సిద్ధాంతంకన్న, సగం సరైన సిద్ధాంతమే ప్రశ్నను ఎక్కువకాలం మూసిపెట్టగలదనడానికి ఈ చరిత్ర ఒక ఉదాహరణ.

7. ఇతర హార్మోన్లు, ఎదురు సాక్ష్యాలు

వృద్ధి హార్మోను ఒక్కటే పాదకణాన్ని తాకుతుందనుకోవడం పొరపాటు. 2004లో యాంజియోటెన్సిన్ గ్రాహకాన్ని పాదకణంలో అధికంగా ఉంచిన ఎలుకలలో ప్రోటీను నష్టం, గుచ్ఛాల గట్టిపాటు కనిపించాయి. 2007లోనే జపాన్‌లో ఫుజితా బృందం అధివృక్క గ్రంథి హార్మోనైన ఆల్డోస్టెరోన్‌కు పాదకణం లక్ష్యమని చూపింది. 2010లో బ్రిస్టల్ పరిశోధకులు పాదకణంలో మాత్రమే ఇన్సులిన్ గ్రాహకాన్ని తొలగించిన ఎలుకలను రూపొందించారు. ఆ ఎలుకల రక్తంలో చక్కెర పెరగకపోయినా మధుమేహ మూత్రపిండ వ్యాధిని పోలిన మార్పులు వాటిలో వచ్చాయి. వృద్ధి హార్మోను అధికమైనా, ఇన్సులిన్ ఆజ్ఞ అందకపోయినా పాదకణం దెబ్బతింటుంది. మధుమేహంలో ఈ రెండు పరిస్థితులూ ఒకేసారి ఏర్పడగలవు.

ఎదురు సాక్ష్యాలూ ఉన్నాయి. పాదకణంలో యాంజియోటెన్సిన్ గ్రాహకం లేని ఎలుకలలో కూడా ఆ గ్రాహకాన్ని అడ్డుకొనే మందు గుచ్ఛాలను కాపాడుతుందని 2010లో మత్సుసాకా బృందం ప్రకటించింది. అంటే ఆ మందు ఇచ్చే రక్షణలో రక్తనాళాల ఒత్తిడి వాటా, ఇతర కణాల వాటా గణనీయమైనవే. కణచర్య ఒత్తిడి మార్గాన్ని రద్దు చేయలేదు. దాని పక్కన నిలిచింది. వృద్ధి హార్మోను విషయంలోనూ సాక్ష్యాలలో అధికభాగం కణశ్రేణుల నుంచి, ఎలుకల నుంచి వచ్చినవే. వైద్యుల పర్యవేక్షణలో హార్మోను లోపం ఉన్న పిల్లలకు ఇచ్చే చికిత్సను ఈ ఫలితాలతో తప్పుపట్టడానికి వీలులేదు. లోపాన్ని పూడ్చడం వేరు, అధికం కావడం వేరు.

8. ఉత్తరాంధ్ర సందర్భం: సబ్బవరం, ఉద్దానం

ఈ చరిత్రకు ప్రయోగశాల వెలుపల ప్రాసంగికత ఏమిటన్నది విశాఖపట్నం పరిసరాలను ఉదాహరణగా తీసుకొని పరిశీలించవచ్చు. నౌకాశ్రయం, ఉక్కు కర్మాగారంతో విస్తరించిన నగరానికి పశ్చిమాన ఉన్న సబ్బవరం, 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి చేరింది. నగర జీవనం, పల్లె జీవనం కలిసే ఇటువంటి ప్రాంతాలలో మూత్రపిండ వ్యాధి అనగానే రెండు వేర్వేరు వ్యాధులు ఒకే పేరుతో చలామణి అవుతాయి.

మొదటిది మధుమేహ మూత్రపిండ వ్యాధి. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో ప్రచురితమైన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్లమందికి మధుమేహం ఉంది. వీరిలో మూత్రపిండం దెబ్బతినే తొలిసూచన సాధారణంగా మూత్రంలోని ఆల్బుమిన్. 1963లో లండనులో హారీ కీన్, క్లోవెరాకిస్ అతిస్వల్ప ఆల్బుమిన్‌ను కొలిచే పద్ధతిని రూపొందించాకే ఈ తొలిదశ వైద్యులకు కనిపించింది. నేడు మూత్రంలో ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు దాటిన ఆల్బుమిన్‌ను హెచ్చరికగా పరిగణిస్తారు. పాదకణ చరిత్ర ఈ అంకెకు అర్థం చెబుతుంది. తిరిగి పుట్టలేని కణాలు సడలుతున్నాయని, కొన్ని రాలిపోతున్నాయని అది తెలియజేస్తుంది.

రెండవది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని వ్యాధి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో ఇది దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తున్నది. విశాఖపట్నానికి చెందిన మూత్రపిండ వైద్యులు టి. రవిరాజు తదితరులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో 2,210 మందిని పరీక్షించగా సుమారు 18 శాతం మందిలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి కనిపించింది. వారిలో నూటికి 70కి పైగా రోగులలో మధుమేహం, అధిక రక్తపోటు వంటి పరిచిత కారణమేదీ లేదు. ఈ వ్యాధి ప్రధానంగా నాళికలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని దెబ్బతీస్తుంది. మూత్రంలో ప్రోటీను చాలామందిలో స్వల్పంగానే ఉంటుంది, లేదా ఉండదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

ఈ భేదం పరీక్షల ఎంపికను నిర్ణయిస్తుంది. ఆల్బుమిన్ పరీక్ష ఒక్కటే చేస్తే ఉద్దానం తరహా రోగి ఆరోగ్యవంతుడుగా నమోదు కావచ్చు. రక్తంలో క్రియాటినిన్ ఒక్కటే చూస్తే మధుమేహ రోగి తొలిదశ చేజారిపోతుంది. ఎందుకంటే మిగిలిన గుచ్ఛాలు అతివడపోతతో లోటును కప్పిపుచ్చుతాయి. క్రియాటినిన్ విషయంలో తెలుగువారికి మరొక బంధం ఉంది. అది కండరాలలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ నుంచి పుట్టే పదార్థం. ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెల్లడించినవారు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. రెండు పరీక్షలూ కలిసినప్పుడే సబ్బవరం వంటి చోట్ల వడపోత కణపు వ్యాధి ఏదో, నాళిక వ్యాధి ఏదో తొలిదశలో వేరుచేయడం సాధ్యపడుతుంది.

9. ముగింపు

మూత్రపిండ వడపోత చరిత్రలో హార్మోను స్థానం మూడుసార్లు మారింది. మొదట అది లెక్కలోనే లేదు. తరువాత ఒత్తిడిని నియంత్రించే శక్తిగా బయట నిలిచింది. 21వ శతాబ్దంలో వడపోత కణపు గ్రాహకం దాకా వచ్చి, దాని ఆకృతిని, అంటుకొనే గుణాన్ని, ఆయుష్షును మార్చే ఆజ్ఞగా గుర్తింపు పొందింది. ఈ మూడవ మలుపులో హైదరాబాదు ప్రయోగశాల చేర్చిన ఫలితాలు వృద్ధి హార్మోను కథను సంకేతం నుంచి కణమరణం దాకా ఒక వరుసలో నిలిపాయి.

వృద్ధి హార్మోను చర్యను పాదకణంలో మాత్రమే అదుపుచేసే చికిత్స ఇంకా రోగి దగ్గరకు చేరలేదు. పీయూషగ్రంథినే తొలగించిన 1950ల నాటి చికిత్స ఒక్క కణాన్ని కాపాడడానికి దేహమంతటినీ పణంగా పెట్టింది. ఆ లోపాన్ని సవరించే మార్గం కణాన్ని గుర్తించడంతో తెరుచుకొన్నది. అంతవరకు చక్కెరను, రక్తపోటును అదుపులో ఉంచడం, యాంజియోటెన్సిన్‌ను అడ్డుకొనే మందులను సకాలంలో వాడడం, ఏటా మూత్రంలో ఆల్బుమిన్‌ను, రక్తంలో క్రియాటినిన్‌ను పరీక్షించడం పాదకణాలను నిలుపుకొనేందుకు చేతిలో ఉన్న సాధనాలు. తిరిగి పుట్టని కణానికి తొలిదశలో అందే రక్షణే అసలైన చికిత్స అన్నది ఈ పరిశోధన చరిత్ర నుంచి తేలే నిర్ణయం.